ఏకగీతం – విడుదల రూపాలు: రాజగోండుల కథాగానం నేపథ్యంలో పరిశీలన

ఉపోద్ఘాతం

విడిగా విడుదలయ్యే పాటను సంగీత పరిశ్రమ ‘సింగిల్’ అంటుంది. తెలుగులో దానిని ఏకగీతం అనవచ్చు. రికార్డు, క్యాసెట్, సీడీ వంటివాటిని పాటను మోసే సాధనాలుగా మాత్రమే చూడటం పరిపాటి. కాని అవి పాట నిడివిని, కొన్నిసార్లు పాఠాన్ని కూడా నిర్ణయించాయి. ఆదిలాబాద్ జిల్లా బోథ్ ప్రాంతపు రాజగోండుల మౌఖిక సంప్రదాయాన్ని పరిశోధించేవారికి ఈ అంశం కీలకమైనది.

విడుదల రూపాలు – పాఠభేదాలు

నిమిషానికి 78 చుట్లు తిరిగే పదంగుళాల రికార్డులో ఒక్కో వైపు సుమారు 3 నిమిషాల పాట మాత్రమే పట్టేది. 1949లో అమెరికాలో ఆర్.సి.ఎ. విక్టర్ సంస్థ తెచ్చిన 45 చుట్ల ఏడంగుళాల రికార్డు ఏకగీతానికి స్థిరరూపాన్నిచ్చింది. క్యాసెట్, సీడీలు తరువాత వచ్చాయి. ఇంగ్లండుకు చెందిన ప్రత్యామ్నాయ రాక్ బృందం రేడియోహెడ్ 1992లో ‘క్రీప్’ అనే ఏకగీతాన్ని విడుదల చేసింది. రేడియో ప్రసారం కోసం అందులోని ఒక అసభ్యపదాన్ని మార్చి వేరొక రూపాన్ని సిద్ధం చేశారు. అంటే ఒకే పేరుతో రెండు పాఠాలు ప్రచారంలోకి వచ్చాయి.

కథాగానం – కుదింపు

రాజగోండు సమాజం నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా విభజితమై ఉంది. వారి వంశపారంపర్య కథాగాయకులు ప్రధానులు. పెర్సాపేన్ కొలుపుల్లో వీరు కింగ్రి వాయిస్తూ ఆయా సగల మూలగాథలను గంటల తరబడి గానం చేస్తారు. ఇక్కడ నిడివిని నిర్ణయించేది క్రతువే. అంతర్జాలంలో రికార్డుకున్నంత ఇరుకు లేదు. అయినా విడిగా వచ్చే పాటలు నేటికీ ఎక్కువగా మూడు నాలుగు నిమిషాల కొలతలోనే ఉంటున్నాయి. కథాగానంలోని ఒక భాగాన్ని ఆ కొలతకు కుదిస్తే వినసొంపైన పాట మిగులుతుంది. అది ఏ సగకు చెందినది, ఏ సందర్భంలో పాడినది అన్న ఎరుక మాత్రం జారిపోతుంది.

ముగింపు

తాళపత్ర గ్రంథ పరిష్కర్త ప్రతుల మధ్య పాఠాంతరాలను నమోదు చేస్తాడు. ధ్వనిముద్రణలకూ అదే పద్ధతి అవసరం. గానసందర్భం, సగ, పూర్తి నిడివి, విడుదలైన రూపం, తొలగించిన భాగం అనే వివరాలు లేని ముద్రణను సంప్రదాయ పాఠంగా స్వీకరించరాదు. అలా స్వీకరిస్తే పరిశోధన పరిశ్రమ కొలతనే గోండుల కథాస్వరూపంగా పొరబడే ప్రమాదం ఉంది.