మ్రోతలకు వెఱచు పెంపుడు పక్షులు

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలలో ఎద్దునకు జబ్బు చేసినచో వైద్యుని పిలుచువారు గలరు. "టపాకాయకు బెదరి కోడి చచ్చినది" అని యొక ముసలమ్మ చెప్పినచో మాత్రము నవ్వి యూరకుందురు. ఆమెకు ఆ కోడియే సంతనాటి ఉప్పును పప్పును. ఆ చావునకు కారణము గలదు, నివారణమును గలదు.

మనది రాతినేల. పూర్వము బావి త్రవ్వినచో పైమన్ను పోగానే నల్లరాయి తగిలెడిది. తూటా పేల్చనిదే నీరు కనబడెడిది గాదు. బోరుబావులు వచ్చి ఆ పేలుళ్లు తగ్గినను గ్రానైటు క్వారీలు వాని చోటు నాక్రమించినవి. వీనికి దోడు దీపావళి బాంబులు, ఊరేగింపులందలి డీజే పెట్టెలు, మృగశిర కార్తె ఉరుములు. సూర్యాపేట చెంత పెద్దగట్టు జాతరలో డప్పులు, భేరీలు మ్రోగుట లేదా యందురేమో. డప్పు దూరమునుండి వినబడుచు క్రమముగా దగ్గఱకు వచ్చును. కోడి దానికి కొంత యలవాటు పడును. తూటా యట్లు గాదు. నిశ్శబ్దమును ఒక్కసారిగా చీల్చును.

భయమునకు పక్షి యెఱిగిన మందు ముఖ్యముగా ఎగిరిపోవుటయే. పగటి పక్షికి చీకటిలో చూపు మందము గనుక రాత్రివేళ నా మందే విషమగును. 2010 డిసెంబరు 31వ తేది రాత్రి అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమున బీబి యను పట్టణములో బాణసంచా పేలగా, చెట్లపై నిద్రించు నల్లపిట్టలు గుంపుగా లేచి ఇండ్లకును స్తంభములకును కొట్టుకొని వేలకొలది నేలరాలినవి. బయలు పక్షికే యీ గతి పట్టినప్పుడు పంజరములోని దాని మాట చెప్పవలెనా? ఎగురుటను మనము మాన్పితిమి. దానికి బదులుగా దాగుచోటును మనమే యీయవలెను.

ఇంట ఆస్ట్రేలియా చిన్నచిలుకలను పెంచువారు, సాయంకాలమే పంజరమును కిటికీకి దూరముగా లోపలి గదిలో గోడకు జేర్పవలెను. మూడు వైపుల గొంగడి కప్పి, ఎదుటి వైపు విడువవలెను. గొంగడి మెఱుపును మఱుగుపఱచి మ్రోతను కొంత మ్రింగును. నాలుగు వైపుల మూసినచో గాలి యాడదు. గదిలో చిన్న దీపమొకటి వెలుగవలెను; బెదరినను కొమ్మ యెక్కడనో దానికి కనబడును. ఎఱిగిన గొంతుతో మెల్లగా మాటాడుట మేలు. (మన రామచిలుకను పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి చట్టము ననుసరించి నేరము. ఉన్నచో అటవీశాఖ కప్పగింపుడు.)

ఒక్క మాట ముఖ్యముగా వినుడు. బెదరిన పక్షిని జాలితో పిడికిట బిగింపరాదు. మనకువలె పక్షికి ఊపిరి నడుపు విభాజక పటలము లేదు. ఱొమ్ము ముందునకు కదలిననే గాలి లోనికి బోవును. ఱొమ్ము నొక్కినచో నది మన చేతిలోనే ఊపిరాడక చచ్చును. పట్టక తప్పనిచో వదులుగా గుడ్డ చుట్టి, ఱొమ్మును విడిచి పట్టవలెను.

కోళ్ల తీరు వేఱు. అవి బెదరి మూలకు బోయి ఒకదానిపై నొకటి పడును. అడుగువి ఊపిరాడక చచ్చును. మన గంపకు మూలలు లేవు. పూర్వుల తెలివి యది. ఆ గంపలో క్రిక్కిఱియ గ్రుక్కినచో ఆ తెలివి వ్యర్థము. షెడ్లలో పెంచువారు మూలలను తడికలతో గుండ్రముగా మూసి, రాత్రి సన్నని వెలుగు నుంచవలెను. పావురముల గూటి తలుపు ప్రొద్దుగ్రుంకక మునుపే వేయవలెను; చీకటిలో లేచిన పావురము దారి దప్పి పిల్లి పాలగును.

పొదుగు గుడ్లలో ఉరుములకు విరుగుడని బొగ్గును, ఇనుపముక్కను పెట్టువారు గలరు. ఇనుము ఉరుము నాపదు. కీడు పెట్ట బెదరి లేచి పోవుటవలనను, గుడ్లు చాలసేపు చల్లబడుటవలనను గలుగును. కావున పొదుగు గంపను చీకటి మూలనుంచి, లేచిన పెట్టను తఱుమక దాని దారిని రానిండు. ఎంతకును రాకున్నచో చీకటిలో మెల్లగా ఎత్తి గుడ్లపై నుంచవలెను.

మ్రోతతోబాటు పొగయు శత్రువే. పక్షి దేహమున ఊపిరితిత్తులకు దోడు గాలితిత్తులు వ్యాపించి యుండుటచే పొగ దానిని త్వరగా క్రుంగదీయును.

దీపావళినాడు టపాకాయలకు రాత్రి 8 మొదలు 10 గంటల వఱకే సుప్రీంకోర్టు 2018లో అనుమతి నిచ్చినది. ఆ వేళ ముందే తెలిసియున్నది గనుక ఏర్పాటు కష్టము గాదు. క్వారీవారిని పేల్చు వేళ ముందుగా జెప్పుమని యడుగుట గ్రామపెద్దలకు సాధ్యమే. తమిళదేశమున శివగంగ జిల్లాలో కొల్లుకుడిపట్టివారు తమ చెఱువునకు వచ్చు కొంగల కొఱకు దీపావళి టపాకాయలనే మానివేసిరి.

మఱునాటి యుదయమున ఈకల మొదట నెత్తురున్నదేమో, మేత ముట్టుచున్నదేమో చూడుడు. చల్లని వేళ ఊరకుండియు నోరు దెఱచి రొప్పుచున్నచో పశువైద్యునికి జూపవలెను.