రోగి చెంత చదువు

తొలిబిడ్డ యేడ్చినపుడు తల్లి బెదరిపోవును. మూడవబిడ్డ యేడ్చినచో అది యాకలియో, కడుపునొప్పియో వెంటనే తెలిసికొనును. ఈ నడుమ నామె యే గ్రంథమును చదువలేదు.

వైద్యవిద్యయందును ఇట్టి తెలివి యొకటి కలదు. 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలసినది. తరువాత 2008లో శ్రీకాకుళమునను, 2023లో విజయనగరమునను ప్రభుత్వ కళాశాలలు వచ్చినవి. మన పిల్లలు ఇంటికి దగ్గరలోనే వైద్యము చదువుచున్నారు. సంతోషమే. కాని వారికి పుస్తకము వెలుపలి తెలివి ఎవరు నేర్పవలెను?

ఉద్దానము సంగతి చూడుడు. కవిటి, సోంపేట, కంచిలి మొదలగు కొబ్బరితోటల సీమలో మూత్రపిండముల జబ్బు ఎన్నో సంసారములను కూల్చినది. కారణ మిదియని నేటికిని నిశ్చయముగా తేలలేదు. ఈ జబ్బునకు మూలములని పుస్తకములు ముందుగా చెప్పెడు మధుమేహము, రక్తపుపోటు అచ్చటి రోగులలో పెక్కండ్రకు మొదట కనబడవు. రోగి వచ్చి “ఆకలి నేదు, ఒంట్లో సత్తువ నేదు” అనును. పుస్తకము మాత్రమే యెరిగిన విద్యార్థి బలమునకు మాత్రలు వ్రాసి పంపివేయును. ఆ సీమలో ఏండ్లతరబడి రోగులను చూచిన వైద్యుడు మొదట ఊరేదని యడుగును. ఎండలో ఎన్నిగంటలు పనిచేయుదువనును. ఇంటిలో మరెవరికైన ఈ జబ్బు వచ్చెనా యనును. ఒళ్లునొప్పులకు అంగడిలో కొని మ్రింగిన మాత్ర లెవ్వియో చూపుమనును. వానిలో పెక్కు మూత్రపిండములకు చెరుపు చేయునవే. ఆపైన రక్తమున క్రియాటినిన్ పరీక్ష చేయించును. ఈ ప్రశ్నల వరుసను విద్యార్థి ఆయన ప్రక్కన నిలిచి వినవలెను గాని, మరియొక విధమున అబ్బదు.

అట్లని, అనుభవ మున్నది గనుక పరీక్ష యెందులకనెడు వైద్యులను మేము మెచ్చము. మూత్రపిండముల శక్తి సగము పోవువరకును క్రియాటినిన్ పెరుగకపోవచ్చును. అంతటి మోసకారి జబ్బును కంటిచూపుతో పట్టుదుననుట సాహసమే.

ఇటీవల విద్యాక్రమమున నొక మంచి మార్పు వచ్చినది. 2019 నుండి మొదటి యేటనే విద్యార్థులను రోగులయొద్దకు తీసికొనిపోవుచున్నారు. పిదప, ప్రతి విద్యార్థియు పల్లెలలో కొన్ని కుటుంబములను దత్తత గైకొని, వారి ఆరోగ్యమును కనిపెట్టుచుండవలెనను నియమమును వచ్చినది.

సోదరీమణులారా! అట్టి పిల్లవాడో, పిల్లయో మీ గుమ్మము నెక్కినపుడు “మేమందరము బాగున్నాము నాయనా” యని పంపివేయకుడు. ఇంటిలో ఎవరే మాత్ర మ్రింగుచున్నారో తెచ్చి చూపుడు. మగవారి జబ్బులు చెప్పి మీ యలసటను దాచుట మనకు వాడుక, దానినిగూడ చెప్పుడు. నీరు త్రాగెడు బావియొద్దకు తీసికొనిపొండు.