గోదావరి బురదలో వానల చిట్టా

2006లో ‘జాయిడెస్ రిజల్యూషన్’ అనే డ్రిల్లింగ్ ఓడ బంగాళాఖాతంలోకి వచ్చింది వానల సంగతి తేల్చడానికి కాదు, గ్యాస్ కోసం. సముద్రం అడుగున మంచులాంటి గడ్డల్లో చిక్కుకుని ఉన్న మీథేన్‌ని వెతకడానికి మన దేశం దాన్ని రప్పించింది. ఆ వెతుకులాటలో కృష్ణా-గోదావరి బేసిన్‌లో పైకి లాగిన మట్టి గొట్టాల్లో ఒకటి పూర్తిగా వేరే పనికి అక్కరకొచ్చింది. అది గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, వెయ్యి మీటర్లకు పైగా లోతున్న నీటి కిందినుంచి తీసిన మట్టి. వేల ఏళ్లుగా నది ఏ కాలంలో ఏం మోసుకొచ్చిందో అందులో పొరలు పొరలుగా ఉంది.

ఇలాంటి గొట్టాన్ని నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక సగాన్ని ముట్టుకోకుండా దాస్తారు. రెండో సగంలోంచి కాస్త కాస్త మట్టి తీసి సన్న జల్లెడలో కడుగుతారు. బురదంతా పోయాక ఇసుక రేణువుల్లా కొన్ని గుల్లలు మిగులుతాయి. ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులవి. మైక్రోస్కోపు కింద పెట్టి, తడి కుంచె మొనతో ఒక్కొక్కటే ఏరాలి. బియ్యంలో రాళ్లు ఏరినట్టే, కాకపోతే ఇక్కడ కావలసింది ఆ రాళ్లే.

వానల సంగతి చెప్పేది ఆ గుల్లల్లోని ఆక్సిజన్. ఆక్సిజన్‌లో తేలిక రకం, బరువు రకం ఉన్నాయి. వాననీటిలో తేలిక రకం పాలు కాస్త ఎక్కువ. నదులు పొంగి బంగాళాఖాతం మీద మంచినీళ్లు పరుచుకున్న కాలంలో పెరిగిన గుల్లల్లోనూ అదే ఎక్కువగా చేరుతుంది. సముద్రం వేడి, ధ్రువాల్లో పేరుకున్న మంచు కూడా ఈ లెక్కను అటూ ఇటూ చేస్తాయి కాబట్టి వాటిని తీసేసి చూడాలి. గుల్లల వయసేమో రేడియో కార్బన్ చెబుతుంది.

గోదావరి బురదలో ఇంకో సాక్షి కూడా ఉంది, ఆకుల మీది మైనం. చెట్లూ, ఎండకు తట్టుకునే గడ్డి జాతులూ గాలిలోని కార్బన్‌ని ఒకేలా వాడుకోవు. ఆ తేడా మైనంలో నిలిచిపోతుంది. 2012లో వెలువడిన పరిశోధనలో తేలిందేమిటంటే, సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి నదీ పరీవాహక ప్రాంతంలో పొడి నేలల మొక్కలు పెరుగుతూ వచ్చాయి. 1,700 ఏళ్ల కిందట మరో మెట్టు ఎక్కాయి. అంటే దక్కను ఒక్క కరువుతో ఎండిపోలేదు. తరాలకు తరాలు గడిచాయి.

ఎందుకు ఎండింది? దీని జవాబులో సగం మన పంచాంగకర్తలకు తెలిసిందే. బొంగరం వేగం తగ్గాక తల తిప్పినట్టు భూమి ఇరుసు సుమారు 26 వేల ఏళ్లకోసారి ఒక చుట్టు తిరుగుతుంది. నక్షత్రాలను పట్టుకుని లెక్కించే కార్తెలు ఈ చలనం వల్లే 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున రుతువుల వెనక పడిపోతున్నాయి. ఇప్పుడు జూన్ 7, 8 ప్రాంతంలో వచ్చే మృగశిర కార్తె, రెండు వేల ఏళ్ల కిందట రుతువుల లెక్కన నాలుగు వారాలు ముందే, నడి ఎండల్లో వచ్చేది. ఏరువాకకు అప్పటి రైతులు ఏ కార్తె కోసం చూసేవారో మరి!

ఇరుసు చలనానికి భూకక్ష్య మెల్లగా తిరగడం కూడా తోడైతే, ఆ చుట్టు వానలకు సంబంధించినంతవరకు 20 వేల ఏళ్ల పైచిలుకే. ఇప్పుడు భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో. 11 వేల ఏళ్ల కిందట అది జూన్‌లో జరిగేది. వేసవిలోనే సూర్యుడు దగ్గరైతే నేల మరింత కాగుతుంది, సముద్రపు గాలిని మరింత గట్టిగా లాగుతుంది. 9 వేల ఏళ్ల కిందటి జూలైలో భూమికి అందిన ఎండ ఇప్పటికన్నా దాదాపు 7 శాతం ఎక్కువని, అందుకే రుతుపవనాలు అంత జోరుగా ఉండేవని 1981లో అమెరికా శాస్త్రవేత్త జాన్ కుట్స్‌బాక్ లెక్కగట్టి చూపారు. సహారాలో చెరువులూ నీటిగుర్రాలూ ఉన్న కాలమది. తర్వాత ఆ ఎండ తగ్గుతూ వచ్చింది, దానితోపాటే మన వానలూ.

అయితే ఎండ ఒక్కటే కారణమైతే వానలు నిమ్మళంగా పెరిగి నిమ్మళంగా తగ్గాలి. అలా జరగలేదు. మంచుయుగం ముగిసి, ఎండలు ముదురుతున్న వేళ, 12,900 ఏళ్ల కిందట నైరుతి ఉన్నట్టుండి నీరసించింది. పన్నెండు వందల ఏళ్ల దాకా తేరుకోలేదు. అండమాన్ సముద్రపు మట్టి ఆ మాటే చెబుతోంది, చైనాలోని హులు గుహలో చుక్కచుక్కగా పెరిగిన సున్నపురాయీ అదే చెబుతోంది.

ఈ దెబ్బ తగిలింది అట్లాంటిక్ నుంచి. అక్కడ ఉప్పని వెచ్చని నీరు ఉత్తరానికి పారి, గ్రీన్‌లాండ్ దగ్గర చల్లబడి, బరువెక్కి అడుగుకు దిగుతుంది. అడుగునే మళ్లీ దక్షిణానికి మళ్లుతుంది. ఉత్తరార్ధగోళానికి వేడిని చేరవేసేది ఈ ప్రవాహమే. మంచు కరిగిన మంచినీళ్లు సముద్రం మీద పరుచుకుంటే ఉప్పదనం తగ్గి నీరు మునగదు, ప్రవాహం మందగిస్తుంది. ఉత్తరం చల్లబడుతుంది, వేడి దక్షిణాన మిగిలిపోతుంది. భూమధ్యరేఖ దగ్గరి వానల పట్టీ వేడి ఎటుంటే అటే జరుగుతుంది కాబట్టి దక్షిణానికి దిగిపోతుంది. అలా గ్రీన్‌లాండ్ పక్కన నీరు మునగకపోతే ఇక్కడ గోదావరికి వరద తగ్గింది.

ఆ ప్రవాహాన్ని 2004 నుంచి సముద్రంలోనే కొలుస్తున్నారు. 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం పొడవునా, అమెరికా తీరం వైపు నుంచి ఆఫ్రికా తీరం దాకా, అడుగున లంగరు వేసిన తీగలకు పరికరాలు వేలాడుతూ నీటి వేడినీ ఉప్పదనాన్నీ నమోదు చేస్తున్నాయి. ఇరవై ఏళ్లు దాటిన ఆ కొలతలన్నీ గోదావరి బురదలోనైతే ఒకటి రెండు సెంటీమీటర్ల మందానికి సరిపోవచ్చు.