డప్పును మంటకు ఎందుకు కాస్తారు?

మన శ్రీకూర్మం చుట్టుపక్కల ఊళ్లలో పండగైనా, పెళ్లయినా, చావైనా డప్పు మోగాల్సిందే. వాయించే ముందు గడ్డి మంట వేసి డప్పును కాస్తారు. అంతవరకు మొద్దుగా పలికిన తోలు, కాచాక ఖంగున మోగుతుంది. "వేడికి తోలు బిగిసింది" అంటాం. నిజానికి తోలును బిగించేది దానిలోంచి బయటకు పోయిన నీరు. వేడి చేసే పని ఆ నీటిని పంపేయడమే. అదెలాగో తెలుసుకుందాం.

తోలులో ముఖ్య పదార్థం కొల్లాజెన్ అనే ప్రోటీన్. మన చర్మంలో, ఎముకల్లో, చేప పొలుసుల్లో కూడా ఇదే ఉంటుంది. గోగునారతో మూడు పురుల తాడు పేనినట్టు, మూడు ప్రోటీన్ గొలుసులు పెనవేసుకుంటే ఒక కొల్లాజెన్ అణువు. ఒక్కో గొలుసులో సుమారు 1000 అమైనో ఆమ్లాలుంటాయి.

ఈ మూడు పురుల నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఎక్స్‌రే పరీక్షకు వాడిన కంగారూ తోక నరం అక్కడి కేంద్రీయ తోలు పరిశోధనా సంస్థ ఇచ్చింది. మన తెలుగువాడైన యలవర్తి నాయుడమ్మ గారు 1958 నుంచి డైరెక్టరుగా పనిచేసిన సంస్థ అదే.

గొలుసుల మధ్య నీటి అణువులు వంతెనల్లా నిలిచి వాటిని కలుపుతాయని 1968లో రామచంద్రన్, ఆర్. చంద్రశేఖరన్ సూచించారు. 1994లో కొల్లాజెన్ వంటి చిన్న ప్రోటీన్ స్ఫటికంలో శాస్త్రవేత్తలు ఆ నీటిని స్పష్టంగా చూశారు. తాడు చుట్టూ నీరు తొడుగులా అమరి ఉంది. అయితే బలమంతా నీటిదే కాదు. నీటి వంతెన కట్టలేని ఫ్లోరిన్‌ను చేర్చినా తాడు మరింత గట్టిగా నిలిచిందని 1998లో తేలింది. గొలుసు వంపు తీరు కూడా బలమిస్తుందన్నమాట.

ఇక డప్పు దగ్గరకు వద్దాం. సముద్రపు గాలిలోని తేమను తోలు పీల్చుకుంటుంది. ఆ నీరు కొల్లాజెన్ తాళ్ల మధ్య చేరి వాటిని ఎడం చేస్తుంది, తోలు వదులవుతుంది. మంటకు కాస్తే ఆ నీరు ఆవిరై తాళ్లు దగ్గరవుతాయి, అణువులు కూడా కొద్దిగా పొట్టివవుతాయి. అంచులు చట్రానికి కట్టి ఉన్నందున తోలు ముడుచుకోలేక బిగుస్తుంది. ఎండే కొల్లాజెన్‌లో పుట్టే ఈ లాగుడు, మన కండరం లాగే శక్తి కంటే ఎన్నో రెట్లు ఎక్కువని 2015లో ఒక పరిశోధన చూపింది.

మరి డప్పును మంటలోకే పెట్టేస్తే? తడి పచ్చితోలు సుమారు 60-65 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ముడుచుకుపోతుంది. మూడు పురులు విడిపోతాయి. మళ్లీ చల్లారినా తోలు మునుపటిలా కాదు. ఎండిన తోలు ఇంతకంటే చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. అందుకే ముందు దూరంగా పెట్టి, తిప్పుతూ, మెల్లగా తేమ తీయాలి.

ఇళ్లలో మొదటగా డిగ్రీ పట్టా అందుకున్న మేము కొల్లాజెన్ అన్న మాటను తరగతి గదిలోనే విన్నాం. మన తాతలకు ఆ పేరు తెలియదు. కానీ తోలును ఎంత దూరంలో కాయాలో, ఎప్పుడు తీయాలో వాళ్ల చేతులకు తెలుసు. ఆ పనిని తక్కువగా చూసిన వాళ్లు అందులోని విద్యను చూడలేదు. తమ్ముళ్లూ, మీ పుస్తకంలో ప్రోటీన్ల పాఠం వచ్చినప్పుడు, డప్పు కాచే పెద్దాయన దగ్గర కూడా కాసేపు కూర్చోండి. ఆయన్ని అడిగి తెలుసుకోండి, మీరు చదివింది ఆయనకు చెప్పండి.