కె.సి. కాలువలో దిగడం తేలికే, ఎక్కడమే కష్టం

సముద్రం మనకు దూరం. కర్నూలు, కడప ప్రాంతాల కుర్రకారుకు నిండుగా పారే నీళ్లంటే కె.సి. కాలువే. తుంగభద్రపై సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 306 కిలోమీటర్లు సాగే ఈ కాలువకు నీళ్లు వదిలారంటే చాలు, వంతెనల మీద నుంచి దూకేవాళ్లు, గేదెలు కడిగేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు గట్టు పొడవునా కనబడతారు.

1863లో ఇంగ్లీషు కంపెనీ తవ్వకం మొదలుపెట్టిన ఈ కాలువలో ఒకప్పుడు పడవలు కూడా నడిచాయి. అప్పటిది మట్టి కాలువ. మునిగేవాడికి గట్టున గడ్డిదుబ్బో, చెట్టు వేరో చేతికందేది. 1996లో కుదిరిన జపాను రుణంతో చేపట్టిన ఆధునికీకరణలో కాంక్రీటు లైనింగు వచ్చింది. పొలాలకు మేలే. నీరు ఇంకిపోదు, వేగంగా పారుతుంది. మనిషికి ఆ వేగమే ముప్పు. ఏటవాలు గోడకు పాచి పట్టిందంటే పాదం నిలవదు. గజ ఈతగాడైనా ఎక్కబోయి, జారి, మళ్లీ ఎక్కబోయి అలసిపోతాడు. (తెగువ ఎక్కువుండేదీ అతనికే.) బిందె ముంచబోయి జారిన ఆడవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

ఈత నేర్చే తావులూ పోయాయి. వెనకటి పిల్లలు వేసవిలో మోటబావుల్లో నడుముకు బెండ్లో, ఎండిన సొరబుర్రో, ఖాళీ కిరసనాయిలు డబ్బానో కట్టుకుని నేర్చుకునేవారు. గట్టున మామో, అన్నో కాపలా ఉండేవాడు. బోర్లు వచ్చాక బావులు ఎండాయి, కొన్నింటిని పూడ్చేశారు. ఇప్పటి పిల్లవాడు చాలాసార్లు మొదట దిగేది పారే కాలువలోనే, అదీ పెద్దలెవరూ లేకుండా.

కొట్టుకుపోతున్నవాడు ఎదురీదకూడదు. వెల్లకిలా తేలి, కాళ్లు వాలుకు పెట్టి, మెట్లున్న వైపు మెల్లగా జరగాలి. తూముల దగ్గర, నీరు కిందికి దూకే డ్రాపుల దగ్గర ఎంతటివాడూ దిగరాదు. అక్కడి సుడి పైకి రానీయదు. గట్టునున్నవాళ్లు కంగారుపడి దూకితే ఒకరికి ఇద్దరు పోతారు. పంచెనో, చీరనో, మోకునో విసరాలి. మూత బిగించిన ఖాళీ నూనె క్యాను తాడుకు కట్టి విసిరితే మరీ మంచిది.

బయటికి తీశాక కడుపు నొక్కడం, భుజాన వేసుకుని తిప్పడం మన పల్లెల్లో అలవాటు. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కిన తిండి ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. ఊపిరి లేకుంటే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాలి. ఆపై రొమ్ము నడుమ 30 నొక్కులు, రెండుసార్లు ఊదడం, ఇలా 108 బండి వచ్చేదాకా ఆపరాదు.

ఊళ్ల దగ్గర మెట్లు, అవి లేనిచోట లైనింగుకు బిగించిన ఇనుప గొలుసు, డ్రాపుకు ఎగువన కాలువకు అడ్డంగా ఒక మోకు. లైనింగుకు పెట్టిన ఖర్చులో ఇది లెక్కలోకి రాదు. నీళ్లు ఆపిన రోజుల్లోనే ఈ పని జరగాలి. వదిలాక గోడ దగ్గరకు ఎవరూ పోలేరు.