సదస్సు యాప్ ఎవరు కట్టినా, పేర్ల జాబితా మనదే

రెండేళ్ల కిందట ఒక జాతీయ స్థాయి భౌతికశాస్త్ర సదస్సుకు వెళ్లాను. మూడు రోజులు, నాలుగు సమాంతర సెషన్లు, దాదాపు తొమ్మిది వందల మంది. ఈసారి కార్యక్రమ పుస్తకం అచ్చు వేయలేదని, అంతా యాప్‌లోనే ఉందని గేటు దగ్గరే చెప్పారు. బ్యాడ్జీ వెనక ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే యాప్ దిగింది. చూడ్డానికి బాగానే ఉంది.

రెండో రోజు భోజనాల వరుసలో ఒక పరిశోధక విద్యార్థిని పరిచయమైంది. ముందు రోజు ఆమె పోస్టర్ ప్రదర్శించింది. ఆ రాత్రి పదకొండింటికి తెలియని నంబరు నుంచి వాట్సాప్ సందేశాలు మొదలయ్యాయట. పోస్టర్ బాగుందన్న మాటతో మొదలై, ఏ హాస్టల్‌లో దిగారు, గదిలో ఇంకెవరున్నారు అన్నంత దూరం వెళ్లాయి. తన నంబరు ఎవరిచ్చి ఉంటారో ఆమెకు అంతుపట్టలేదు. యాప్‌లో ‘డెలిగేట్స్’ అన్న చోట నొక్కి చూశాక తెలిసింది. తొమ్మిది వందల మంది పేర్లు, సంస్థలు, ఈమెయిళ్లు, మొబైల్ నంబర్లు వరసగా ఉన్నాయి. వసతి కేటాయించడానికి అవసరమంటే రిజిస్ట్రేషన్ ఫారంలో రాసిన నంబరు అది.

ఆమెతో కలిసి నిర్వాహకుల దగ్గరికి వెళ్లాను. “యాప్ మేం చేయలేదండీ, బయటి ఏజెన్సీ చేసింది” అన్నారు. ఏజెన్సీ తరఫున వచ్చిన కుర్రాడు అక్కడే ఉన్నాడు. “మీరు పంపిన ఎక్సెల్ షీట్‌నే ఎక్కించాం సార్, ఏ కాలమ్ తీసేయాలో ఎవరూ చెప్పలేదు” అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. సమస్య అక్కడే ఉంది.

సదస్సు యాప్‌ను బయటివారికి అప్పగించడంలో తప్పేమీ లేదు. మూడు రోజుల పనికి ఒక విశ్వవిద్యాలయ విభాగం ప్రోగ్రామర్లను నియమించుకోలేదు. ఏజెన్సీల దగ్గర ముందే సిద్ధంగా ఒక వేదిక ఉంటుంది. లోగో, రంగులు, కార్యక్రమ వివరాలు మార్చి ఒక్కో సదస్సుకు ఒక్కో యాప్‌గా ఇస్తారు. అందుకే ఖర్చు తక్కువ. వేదికలో ఒక లోపం ఉంటే అది వారి ఖాతాదారులందరికీ చేరడానికీ అదే కారణం. టెండరు పత్రాలు చూస్తే లైవ్ పోల్, చాట్, ఫోటో గ్యాలరీ, ‘గేమిఫికేషన్’ అంటూ పేజీలకు పేజీలు కనిపిస్తాయి. ఎవరి వివరాలు ఎవరికి కనిపించాలన్న దాని మీద మాత్రం తరచూ ఒక్క వాక్యం కూడా ఉండదు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. 2018 సెప్టెంబరు చివర్లో, బర్మింగ్‌హామ్‌లో కన్సర్వేటివ్ పార్టీ వార్షిక సదస్సు మొదలవడానికి ముందు రోజు, దాని మొబైల్ యాప్‌లో ఒక విచిత్రం బయటపడింది. లాగిన్ కావడానికి ఈమెయిల్ చిరునామా ఒక్కటి ఇస్తే చాలు. పాస్‌వర్డ్ లేదు, ఆ ఈమెయిల్‌కు ధ్రువీకరణ సందేశమూ వెళ్లదు. ఎంపీల ఈమెయిళ్లు ఎలాగూ బహిరంగమే. అప్పట్లో గార్డియన్ పత్రికలో రాస్తున్న డాన్ ఫోస్టర్ ఈ సంగతిని బయటపెట్టారు. అప్పటి ప్రధాని థెరెసా మే మంత్రివర్గ సభ్యుల ఖాతాల్లోకి కూడా ఎవరైనా వెళ్లగలిగే పరిస్థితి. కొందరు వెళ్లారు కూడా. బోరిస్ జాన్సన్ ఫోటో స్థానంలో అశ్లీల చిత్రం పెట్టారు. మైకేల్ గోవ్ ఫోటో తీసేసి మీడియా అధిపతి రూపర్ట్ మర్డోక్ బొమ్మ పెట్టారు. నవ్వొచ్చే విషయాలు ఇవి. ఫోన్ నంబర్లు కూడా కనిపించాయన్నది నవ్వొచ్చే విషయం కాదు. యాప్ తయారుచేసిన సంస్థ క్రౌడ్‌కామ్స్ ఆస్ట్రేలియాకు చెందినది. అది క్షమాపణ చెప్పింది. పార్టీ కూడా చెప్పాల్సి వచ్చింది. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం విచారణ చేపట్టింది. పత్రికల్లో మాత్రం ఏజెన్సీ పేరు లోపలి పేరాల్లో ఉంటే, పార్టీ పేరు శీర్షికల్లో ఉంది.

అక్కడ జరిగిన పొరపాటును సాంకేతికంగా ఒక్క మాటలో చెప్పవచ్చు. గుర్తింపును రుజువు అనుకున్నారు. ఈమెయిల్ చిరునామా మీరెవరో చెబుతుంది, ఆ ‘మీరు’ నిజంగా మీరేనని నిరూపించదు. పెళ్లి విడిదిలో “నేను పెళ్లికొడుకు మేనమామను” అని ఎవరు చెప్పినా గది తాళం ఇచ్చేసినట్టు. రుజువు కావాలంటే మీ దగ్గర మాత్రమే ఉన్నది ఏదో అడగాలి. ఒక రహస్య పదమో, మీ ఫోన్‌కు వచ్చిన ఓటీపీయో కావాలి.

ఓటీపీ పెట్టేశాం కదా అనుకుంటే కూడా చాలదు. ఆరంకెల ఓటీపీకి ఉన్న అవకాశాలు 10 లక్షలు. అది 10 నిమిషాల పాటు చెల్లుతుందనుకుందాం. ఎన్నిసార్లు తప్పు కొట్టినా సర్వర్ అడ్డు చెప్పకపోతే, సెకనుకు 100 సార్లు ప్రయత్నించే చిన్న ప్రోగ్రామ్ ఆ 10 నిమిషాల్లో 60,000 అంకెలు కొట్టి చూస్తుంది. అంటే 6 శాతం అవకాశం. కొత్త ఓటీపీ తెప్పించుకుంటూ పదే పదే ప్రయత్నిస్తే తలుపు తెరుచుకోవడం కొన్ని గంటల పని. అదే అయిదు తప్పులకు ఖాతా ఆగిపోయేలా పెడితే అవకాశం 2 లక్షల్లో ఒకటికి పడిపోతుంది. ఇంత తేడా తెచ్చేది సర్వర్‌లో రాసే కొద్దిపాటి కోడ్. తెర మీద అది కనిపించదు కాబట్టి ఏజెన్సీ డెమో చూపించిన రోజు దాన్ని ఎవరూ అడగరు.

రాజకీయ పార్టీకి సాంకేతిక విషయాలు తెలియకపోవచ్చనుకుందాం. శాన్ ఫ్రాన్సిస్కోలో ఏటా జరిగే ఆర్ఎస్ఏ సదస్సు సంగతి వేరు. ప్రపంచ సైబర్ భద్రతా నిపుణులు కలుసుకునే పెద్ద వేదికల్లో అదొకటి. 2014లో ఆ సదస్సు యాప్‌ను పరిశీలించిన భద్రతా నిపుణులు, నమోదైనవారి వివరాలున్న డేటాబేస్ మొత్తాన్నీ అది ఫోన్‌లోకి దింపుకుంటోందని గుర్తించారు. తెర మీద కనిపించకపోయినా ఫోన్‌లో ఆ ఫైలు ఉంటుంది. 2018లో యాప్‌ను వేరే సంస్థ చేసింది. ఈసారి కూడా ఒక ఇంజినీరు యాప్‌ను విప్పి చూసి, హాజరైనవారి పేర్లను బయటికి రప్పించగలిగాడు. 114 మంది పేర్లు అలా బయటికి వచ్చాయని నిర్వాహకులు ప్రకటించారు. లోపాన్ని వెంటనే సరిచేశారు. నాలుగేళ్లలో ఏజెన్సీ మారింది, లోపం తీరు పెద్దగా మారలేదు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన సూత్రం ఒకటుంది. ఫోన్‌లోకి దిగిన యాప్‌లో రహస్యమంటూ ఏదీ ఉండదు. దాన్ని విప్పి చూసే ఉపకరణాలు ఉచితంగా దొరుకుతాయి. కాబట్టి ‘తెర మీద దాచాం’ అనే మాటకు విలువ లేదు. ఎవరికి ఏది ఇవ్వాలో సర్వర్ దగ్గరే తేలాలి, ఇవ్వకూడనిది అక్కడి నుంచి బయలుదేరనే కూడదు. ఆ మాటకొస్తే, అవసరం లేని కాలమ్‌ను ఏజెన్సీకి పంపకపోవడం అన్నిటికన్నా చవకైన భద్రత. పంపని నంబరును ఎవరూ పోగొట్టలేరు.

మన దేశంలో చట్టం కూడా ఈ దిశగానే ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధానమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఎందుకోసం, ఎలా వాడాలో నిర్ణయించి డేటా సేకరించేవారిని ఈ చట్టం ‘డేటా ఫిడ్యూషియరీ’ అంటుంది. మన సందర్భంలో అది సదస్సు నిర్వహించే సంస్థ. వారి తరఫున పనిచేసే ఏజెన్సీ ‘డేటా ప్రాసెసర్’. ఇద్దరి మధ్య ఏ ఒప్పందం ఉన్నా, ప్రాసెసర్ చేసిన పనికి సైతం బాధ్యత ఫిడ్యూషియరీదేనని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా రూ. 250 కోట్ల వరకూ ఉండవచ్చు. “యాప్ మేం చేయలేదండీ” అన్న జవాబు ఇక చెల్లదన్నమాట. ప్రభుత్వ సంస్థలైతే తమ వెబ్‌సైట్లనూ యాప్‌లనూ సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన ఆడిటర్లతో తనిఖీ చేయించాలి. దానికి సమయం పడుతుంది. సదస్సు పది రోజుల్లో ఉందనగా ఆర్డరు ఇస్తే ఆ తనిఖీకి చోటుండదు.

సమయం సంగతి వచ్చింది కాబట్టి యాప్ స్టోర్ల గురించి. ఏజెన్సీ తన మూసలో పోసి చేసిన యాప్‌ను తన ఖాతా నుంచే పెడితే ఆపిల్ తిరస్కరించవచ్చు. అందులోని విషయం ఎవరిదో వారే తమ ఖాతా నుంచి పెట్టాలన్నది ఆపిల్ నిబంధన. సంస్థ పేరిట ఖాతా తెరవడానికి పత్రాల పరిశీలన ఉంటుంది, అది వారాల పని కావచ్చు. ఇది తలనొప్పిలా కనిపించినా నాకు నచ్చిన నిబంధనే. ఖాతా సంస్థది అయితే, వచ్చే ఏడాది ఏజెన్సీని మార్చినా యాప్ చేతిలోనే ఉంటుంది.

నేను వెళ్లిన సదస్సులో ఇంకో చిక్కు కూడా వచ్చింది. మొదటి రోజు ఉదయం ప్రారంభ సభలో అందరూ ఒకేసారి యాప్ తెరిచారు. తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. వైఫై బాగాలేదని అందరూ విసుక్కున్నారు. నిజానికి లెక్క ముందే వేసుకోవచ్చు. వక్తల పెద్ద పెద్ద ఫోటోలతో కలిపి ఒక్కో ఫోన్‌కు 20 మెగాబైట్లు కావాలనుకుంటే, 900 ఫోన్లకు 18 గిగాబైట్లు. హాల్‌కు 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంటే, ఒక్క బిట్ కూడా వృథా కాకపోయినా 24 నిమిషాలు పడుతుంది. అదే కార్యక్రమ వివరాలను 200 కిలోబైట్ల పాఠంగా పంపితే 15 సెకన్లలో పని పూర్తవుతుంది.

వాస్తవంలో ఇంకా కష్టం. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్లు మూడే. ఒక ఛానల్‌లో ఒక ఫోన్ మాట్లాడుతుంటే మిగతావి ఆగాలి. పైగా మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే, ఆ తరంగాలను అది బాగా పీల్చుకుంటుంది. ఖాళీ హాల్‌లో ఏజెన్సీ చేసిన పరీక్ష, నిండిన హాల్‌లో నిలబడకపోవడానికి కారణం ఇదీ. అందుకే కార్యక్రమ వివరాలు ఒకసారి దిగి ఫోన్‌లోనే ఉండాలి, ఆ తర్వాత మార్పులు మాత్రమే రావాలి. జాబితాలోని ఫోన్ నంబర్లు ఫోన్లలోకి దిగకూడదు, కార్యక్రమ వివరాలు తప్పక దిగాలి. ఆ యాప్‌లో సరిగ్గా దీనికి తిరగబడి జరిగింది.

చివర్లో ఇచ్చిన సర్టిఫికెట్ల గురించి చెప్పకపోతే తెలుగు పాఠకులకు లోటు. ఇంగ్లిషులోనూ తెలుగులోనూ పేర్లు వేస్తామన్నారు, మంచి ఆలోచన. కానీ ‘లక్ష్మి’ అనే పేరు మన కంటికి రెండక్షరాలే. యూనికోడ్‌లో అది ఏడు సంకేతాలు: ల, క, విరామం, ష, విరామం, మ, గుడి. సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, మొత్తం 21 బైట్లు. ఇంగ్లిషులో అదే పేరుకు ఏడు బైట్లు సరిపోతాయి. ఇంగ్లిషు పేర్లను దృష్టిలో పెట్టుకుని గడి పొడవును బైట్లలో నిర్ణయిస్తే మన పేర్లు మధ్యలో తెగిపోతాయి. పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు ఒత్తులు కూర్చడం రాకపోతే అక్షరాలు విడివిడిగా నిలబడతాయి. ఒప్పందంలో పరీక్ష కోసం పది కష్టమైన తెలుగు పేర్లు రాసిస్తే ఈ గొడవ మొదటి వారంలోనే తేలిపోతుంది. నా సర్టిఫికెట్‌లో ఇంటిపేరు సగమే వచ్చింది, దాన్ని అలాగే దాచుకున్నాను.

అసలు యాప్ కావాలా అన్న ప్రశ్న కూడా ఉంది. రెండు మూడు వందల మంది వచ్చే సదస్సుకు ఫోన్‌లో చక్కగా తెరుచుకునే ఒక వెబ్ పేజీ చాలని నా అభిప్రాయం. ఐరోపా కణ భౌతికశాస్త్ర కేంద్రం సెర్న్ తన సమావేశాల కోసం ఇండికో అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసుకుంది. అది ఓపెన్ సోర్స్, ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు. ప్రపంచవ్యాప్తంగా భౌతికశాస్త్ర సంస్థలు దాన్ని వాడుతున్నాయి. దాన్ని నడపడానికి తెలిసినవారు ఒకరు కావాలి, బయటి ఏజెన్సీకి ఆ పని అప్పగించినా జాబితా మన సర్వర్‌లోనే ఉంటుంది. ఏజెన్సీ వేదికనే ఎంచుకుంటే మాత్రం, సదస్సు ముగిశాక ఎన్ని రోజుల్లో డేటా చెరిపేస్తారో, బ్యాకప్‌ల సంగతేమిటో ఒప్పందంలో రాయించుకుని, చివరి బిల్లును ఆ ధ్రువీకరణకు ముడిపెట్టడం మంచిది. డబ్బు ఇచ్చేశాక చెరిపివేత గురించి ఫోన్ చేస్తే ఎత్తేవారుండరు.

ఆ విద్యార్థిని ఈమధ్య ఇంకో సదస్సులో కనిపించింది. ఈసారి రిజిస్ట్రేషన్ ఫారంలో మొబైల్ నంబరు గడిలో వాళ్ల విభాగం ల్యాండ్‌లైన్ నంబరు రాసిందట. “ఓటీపీ రాలేదండీ, యాప్ తెరుచుకోలేదు. ఏ హాల్లో ఏముందో పక్కవాళ్ల ఫోన్‌లో చూసుకుంటున్నా” అంది.