మీకు తెలుసా? కొండదారుల్లో పరిగెత్తేవాళ్లకు ఏం కానుకివ్వాలి

ప్రొద్దుటూరులో కానుక అనగానే కాళ్లు బంగారు అంగళ్ల వైపే లాగుతాయి. కొండల్లో గంటల తరబడి పరిగెత్తేవాళ్లకు ఉంగరమెందుకు? ఈ పరుగుల్లో వాళ్లు మురిసిపోయేది వెండికి! అమెరికాలోని వెస్ట్రన్ స్టేట్స్ పందెంలో 100 మైళ్లను 24 గంటల్లోపు పూర్తిచేస్తే వెండి బెల్టు బకిల్ ఇస్తారు. 1974లో గుర్రాల పందెంలో గోర్డీ ఐన్స్‌లీ అనే ఆయన గుర్రం లేకుండా పరిగెత్తి, 23 గంటల 42 నిమిషాల్లో గమ్యం చేరడంతో మొదలైంది ఆ కథ.

మన దగ్గరికొద్దాం. పులివెందుల, గండికోట పేర్లతో భూగర్భ శాస్త్రంలో రెండు రాతి పొరలున్నాయి. రెండూ క్వార్ట్‌జైటే, మహా గట్టి రాయి. జమ్మలమడుగు దాటి గండికోట దగ్గర పెన్నా లోయ అంచున నడిస్తే బండలు, గులకరాళ్లు, తుమ్మముళ్లు, పల్లేరుకాయలు. బూటులో ఒక్క గులకరాయి దూరిందంటే చాలు, కాసేపట్లోనే మడమ బొబ్బలెక్కుతుంది. చీలమండ చుట్టూ బిగించి, కొక్కేన్ని లేసుకు తగిలించే గుడ్డ తొడుగు, అదే గెయిటర్, దాన్ని ఆపుతుంది. నా ఓటు దీనికే.

తెల్లవారకముందే బయల్దేరేవాళ్లకు నుదుటి లైటు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు ఓఆర్‌ఎస్ పొట్లాలు. బూట్లు మాత్రం అడక్కుండా కొనొద్దు. పొడవాటి పరుగులో పాదాలు ఉబ్బుతాయి, సైజు వాళ్లకే తెలుసు. పైన ఓ డబ్బా చెనిక్కాయల ఉండలు పెట్టండి, కాదనేవాళ్లుండరు.